జీర్ణనాళ నునుపు కండరాలు: వాయు సంకేతాల నియంత్రణ

జీర్ణనాళపు గోడల్లోని నునుపు కండరాలు ఎప్పుడు బిగుసుకోవాలో, ఎప్పుడు సడలాలో చెప్పే రసాయన సంకేతాల్లో కొన్ని వాయువులు. వీటిని వాయు ప్రసారకాలు అంటారు. నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఈ కోవలో ముఖ్యమైనవి. శరీరమే వీటిని ఎంజైముల సాయంతో, అతి స్వల్ప మోతాదులో, కావలసిన చోట కావలసిన క్షణాన తయారుచేసుకుంటుంది. వీటి ప్రధానమైన పని కండరాన్ని సడలించడం. పేగు కదలిక అనగానే సంకోచమే గుర్తుకొస్తుంది కానీ, ఎదురుగా ఉన్న భాగం దారి ఇవ్వకపోతే వెనకనుంచి ఎంత నెట్టినా ఆహారం ముందుకు పోదు. సడలడం ఊరికే జరిగిపోయేది కాదు. దానికీ ఆజ్ఞ కావాలి, ఆ ఆజ్ఞను మోసుకొచ్చే దూత కావాలి.

ఈ మూడు వాయువులూ బయటి ప్రపంచంలో విషాలుగానే ప్రసిద్ధి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే ప్రాణం తీసేది కార్బన్ మోనాక్సైడ్. నైట్రిక్ ఆక్సైడ్ వాహనాల పొగలో ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి ఉత్తరాంధ్ర పల్లెల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. జూట్ మిల్లులున్న రాజాం చుట్టుపక్కల, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు పండించే ఊళ్లలో, నార తీయడానికి గోగు కట్టలను చెరువు నీటిలో రెండు మూడు వారాలు ఊరవేస్తారు. గాలి అందని ఆ నీటిలో సూక్ష్మజీవులు కాడల్ని కుళ్లబెడుతుంటే గట్టు మీదికి వచ్చే కుళ్లిన గుడ్డు వాసనకు ఒక కారణం ఈ వాయువే. అదే అణువు లేశమాత్రంగా మన పేగు గోడలోనూ పుడుతుంది. అక్కడ అది దూత.

‘గ్యాస్’ అనే వాడుక మాట

వాడుకలో ‘గ్యాస్ పట్టింది’ అంటే పొట్ట ఉబ్బరం, తేన్పులు, ఛాతీలో మంట, అపానవాయువు అన్నీ కలిసిన మాట. పేగు లోపలి ఖాళీలో ఉండే ఆ వాయువు వేరు, ఈ వ్యాసంలో చెప్పే సంకేత వాయువు వేరు. అపానవాయువులో 99 శాతానికి పైగా ఉండేవి నైట్రోజన్, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్, మీథేన్. కొంత మింగిన గాలి, కొంత సూక్ష్మజీవుల ఉత్పత్తి. ఉలవలు, సెనగల వంటి పప్పుధాన్యాల్లోని రాఫినోజ్ జాతి చక్కెరలను విడగొట్టే ఎంజైము మన చిన్నపేగులో లేదు. పెద్దపేగులోని బాక్టీరియా వాటిని పులియబెడితే ఆ వాయువులు వెలువడతాయి. సంకేత వాయువులు గోడలోని నాడీకణాల్లో, కండర కణాల్లో పుట్టి, అక్కడే పనిచేస్తాయి. పొట్ట ఉబ్బించేంత పరిమాణం వాటికి ఏనాడూ ఉండదు.

గోడ నిర్మాణం, లయ

ఆహారవాహిక కింది భాగం నుంచి పాయువు దాకా జీర్ణనాళపు గోడలో నునుపు కండరం ప్రధానంగా రెండు పొరలుగా ఉంటుంది. లోపలిది వలయాకారం, బయటిది నిలువు. రెండింటి మధ్య మయంటరిక్ నాడీజాలం పరుచుకుని ఉంటుంది. మెదడుతో సంబంధం తెంచినా పేగు తన పని తాను చేసుకుపోగలదంటే ఈ నాడీజాలం వల్లే. 1921లో శాస్త్రవేత్త లాంగ్లీ దీన్ని సింపథెటిక్, పారాసింపథెటిక్ వ్యవస్థలతో పాటు మూడో విభాగంగా లెక్కించి, ఎంటరిక్ నాడీవ్యవస్థ అన్నాడు.

నాడులకూ కండరాలకూ మధ్యవర్తులు కాహాల్ అంతరాళ కణాలు. పేగు లయకు ఇవే లయారంభకాలు. మనిషి జీర్ణాశయంలో నిమిషానికి సుమారు 3, ఆంత్రమూలంలో సుమారు 12 మంద విద్యుత్ తరంగాలు పుడతాయి. ప్రతి తరంగమూ సంకోచంగా మారదు. మారాలా వద్దా అన్నది నాడులు వదిలే ప్రసారకాల మీద ఆధారపడుతుంది. అసిటైల్ కోలిన్ వంటివి సంకోచానికి తోస్తే, వాయు ప్రసారకాలు దాన్ని ఆపుతాయి.

చరిత్ర

1899లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ కుక్క పేగు మీద చేసిన ప్రయోగాల నుంచి ఒక సూత్రం వచ్చింది. పేగులో ఒకచోట ఉద్దీపన కలిగితే, దానికి పైన ఉన్న భాగం బిగుస్తుంది, కింద ఉన్న భాగం సడలుతుంది. పెరిస్టాల్టిక్ చలనానికి మూలం ఇదే. అయితే కింది భాగాన్ని సడలించే పదార్థమేమిటో ఆ తరువాత తొంభై ఏళ్ల దాకా తేలలేదు.

1960ల్లో మెల్‌బోర్న్‌లో జెఫ్రీ బర్న్‌స్టాక్ బృందం అసిటైల్ కోలిన్, నారడ్రినలిన్ రెండింటి ప్రభావాన్నీ మందులతో అడ్డుకుని చూసింది. అయినా నాడిని ఉద్దీపిస్తే పేగు కండరం సడలింది. అంటే మూడో ప్రసారకం ఏదో ఉంది. 1970 నాటికి బర్న్‌స్టాక్ అది ఏటీపీ అని ప్రతిపాదించాడు. కణానికి శక్తినిచ్చే ద్రవ్యంగా పేరుబడిన ఏటీపీ ఇలా సంకేతంగా కూడా పనిచేస్తుందంటే చాలామంది నమ్మలేదు. ఆ ఏటీపీని కండరం నుంచి వేరుచేసిన తొలి పరిశోధకుల్లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఆ ఫలితాన్ని ప్రకటించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. పేగు సడలికలో ఏటీపీ జాతి ప్రసారకాల పాత్ర ఇవాళ స్థిరపడిన విషయం. పేగు సడలిక కథలో తెలుగు పేరు ఇలా మొదటి పుటలోనే కనిపిస్తుంది.

రెండో దారి రక్తనాళాల నుంచి వచ్చింది. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్, రక్తనాళపు లోపలి పొర ఏదో సడలింపు కారకాన్ని విడుదల చేస్తోందని చూపాడు. 1987లో సాల్వడోర్ మోంకాడా బృందం, విడిగా లూయిస్ ఇగ్నారో బృందం అది నైట్రిక్ ఆక్సైడేనని తేల్చాయి. గుండెనొప్పి మందు నైట్రోగ్లిసరిన్ పనిచేసేది నైట్రిక్ ఆక్సైడ్‌ను వదలడం ద్వారానేనని ఫెరిడ్ మురాద్ అంతకు పదేళ్ల ముందే చూపి ఉన్నాడు. ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ జాబితాలో మోంకాడా పేరు లేకపోవడం అప్పట్లోనే విమర్శకు గురైంది. ఆ విమర్శలో న్యాయం ఉంది.

1990లో బెల్జియం పరిశోధకులు కుక్క శేషాంత్రికం, పెద్దపేగు కలిసే చోట నాడులు వదిలే నిరోధక ప్రసారకం నైట్రిక్ ఆక్సైడేనని నేచర్ పత్రికలో ప్రకటించారు. అప్పటిదాకా ప్రసారకమంటే పొట్లాల్లో నిల్వ ఉండి, నాడి చివర నుంచి విడుదలై, ఎదుటి కణం పైనున్న గ్రాహకానికి అతుక్కునేదని శాస్త్రం నిర్వచించుకుంది. ఈ వాయువుకు పొట్లాలూ లేవు, కణం పైన గ్రాహకమూ లేదు. నిర్వచనమే మార్చుకోవలసి వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్ నాడీ సంకేతం కావచ్చని 1993లోనూ, హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి 1996లోనూ ప్రతిపాదనలు వచ్చాయి. ఈ మూడింటినీ ఒక కుటుంబంగా చూడాలని 2002లో రుయి వాంగ్ సూచించాడు.

నైట్రిక్ ఆక్సైడ్

పేగులోని నిరోధక నాడీకణాల్లో నాడీ నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ అనే ఎంజైము ఉంటుంది. నాడీ ప్రచోదనం రాగానే కాల్షియం లోపలికి వస్తుంది. అది కాల్మాడ్యులిన్ అనే ప్రోటీన్‌తో కలిసి ఎంజైమును మేల్కొలుపుతుంది. ఎంజైము ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఆక్సిజన్‌తో చర్య జరిపించి సిట్రుల్లిన్‌గా మారుస్తుంది. ఆ చర్యలో నైట్రిక్ ఆక్సైడ్ వెలువడుతుంది. దీనికి టెట్రాహైడ్రోబయాప్టెరిన్ అనే సహకారకం తప్పనిసరి. సుబ్బారావు బృందం 1940ల్లో లెడర్లీ ప్రయోగశాలల్లో సంశ్లేషించిన ఫోలిక్ ఆమ్లంలోనూ ఇదే టెరిడిన్ వలయం ఉంది.

పుట్టిన వాయువుకు తలుపులు అక్కర్లేదు. కొవ్వు పొరలైన కణత్వచాల గుండా నేరుగా పాకిపోతుంది. కండర కణంలోనూ, కాహాల్ కణంలోనూ ఉన్న గ్వానిలేట్ సైక్లేజ్ అనే ఎంజైములోని హీమ్ ఇనుముకు అతుక్కుంటుంది. ఆ ఎంజైము వేగం కొన్ని వందల రెట్లు పెరిగి, సీజీఎంపీ అనే రెండో దూత తయారవుతుంది. అది ప్రోటీన్ కైనేజ్-జి ని పనిలో పెడుతుంది. తరువాత మూడు పనులు దాదాపు ఒకేసారి జరుగుతాయి. కణంలోని నిల్వల నుంచి కాల్షియం విడుదల తగ్గుతుంది. మయోసిన్‌కు అతికిన ఫాస్ఫేట్‌ను తొలగించే ఎంజైము చురుకై సంకోచయంత్రం పట్టు వదులుతుంది. కాహాల్ కణాల్లో క్లోరైడ్ మార్గాలు అణగి, కండరానికి వెళ్లే ఉత్తేజం సన్నగిల్లుతుంది. పని ముగిశాక సీజీఎంపీని ఫాస్ఫోడైఎస్టరేజ్-5 విడగొడుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ నైట్రైట్, నైట్రేట్‌లుగా మారిపోతుంది.

సంకేతం అందుకునేది కండరమా, కాహాల్ కణమా అన్న వాదం చాలాకాలం నడిచింది. గ్వానిలేట్ సైక్లేజ్‌ను కండర కణాల్లో మాత్రమే తొలగించిన ఎలుకల్లో నాడీ ప్రేరిత సడలిక నిలిచే ఉంది. రెండు రకాల కణాల్లోనూ తొలగిస్తే పోయింది. కాబట్టి రెండూ అందుకుంటాయి.

నైట్రిక్ ఆక్సైడ్ ఒంటరిగా పనిచేయదు. నిరోధక నాడులు వదిలే ఏటీపీ జాతి ప్రసారకాలు పీ2వై1 గ్రాహకాల ద్వారా వెంటనే, కొద్దిసేపు కండరాన్ని శాంతపరుస్తాయి. వెనక వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ ప్రభావం నెమ్మదిగా మొదలై ఎక్కువసేపు నిలుస్తుంది. వీఐపీ అనే పెప్టైడ్ కూడా తోడవుతుంది. ఈ సంకేతమార్గాలన్నిటినీ కూర్చి జీర్ణనాళ నునుపు కండరపు సంకోచ, సడలికల మీద వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయానికి చెందిన కర్ణం ఎస్. మూర్తి 2006లో రాసిన సమీక్ష ఈ రంగంలో తరచు ఉదహరించేది.

ఒక గుక్క అంబలి

పొద్దున్నే పొలానికి వెళ్లే ముందు రాజాం వైపు రైతు చోడి (రాగి) అంబలి గుక్క మింగాడనుకుందాం. గొంతు దాటిన గుక్క సుమారు 25 సెంటీమీటర్ల ఆహారవాహిక దిగాలి. కింద, జీర్ణాశయం మొదట్లో, సంవరణి కండరం మూసుకుని ఉంటుంది. దాని విశ్రాంతి పీడనం 15–30 మిల్లీమీటర్ల పాదరస మట్టం. ఆమ్లం పైకి ఎగదన్నకుండా కాపలా కాసేది అదే. మింగిన ఒకటి రెండు సెకన్లలోనే, గుక్క ఇంకా పైనుండగానే, వాగస్ నాడి ద్వారా కబురు అందుతుంది. అక్కడి నాడీకణాలు నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి. సంవరణి పీడనం దాదాపు జీర్ణాశయపు పీడనం దాకా పడిపోతుంది. అంబలి దిగిపోయాక మళ్లీ బిగుస్తుంది. మొత్తం వ్యవహారం పది సెకన్ల లోపే.

అంబలి చేరబోయే జీర్ణాశయపు పై భాగానికీ అదే వాయువు ముందే చోటు చేయిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు వంద మిల్లీలీటర్లు కూడా పట్టని జీర్ణాశయం, లోపలి పీడనం పెద్దగా పెరగకుండానే లీటరుకు పైగా పట్టేది ఈ సడలిక వల్లే. ఇది సరిగా జరగని వాళ్లకు నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. ఇంకా కిందికి వెళితే జఠర నిర్గమ సంవరణి, చివర్లో పాయువు లోపలి సంవరణి కూడా ఈ వాయువు మాటే వింటాయి.

కార్బన్ మోనాక్సైడ్

పాత హీమ్ అణువును హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైము విడగొట్టినప్పుడు బిలివర్డిన్, ఇనుముతో పాటు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. పేగు నాడీకణాల్లో, కాహాల్ కణాల్లో ఉండేది హీమ్ ఆక్సిజనేజ్-2. గ్వానిలేట్ సైక్లేజ్ వేగాన్ని కార్బన్ మోనాక్సైడ్ కొద్ది రెట్లే పెంచుతుంది, ఆ విషయంలో నైట్రిక్ ఆక్సైడ్‌కు సాటి రాదు. దీని ప్రత్యేకత మరోచోట ఉంది. వలయ కండరపు పొరలో ఒక అంచు నుంచి మరో అంచుకు కణత్వచ విద్యుత్ పీడనం క్రమంగా మారుతూ ఉంటుంది. ఆ తేడాను నిలిపి ఉంచేది కార్బన్ మోనాక్సైడేనని అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫరుజియా, షుర్‌షెవ్‌స్కీల బృందం 2003లో చూపింది. ఈ ఎంజైము లేని ఎలుకల్లో ఆ తేడా మాయమైంది. అంటే ఇది క్షణక్షణం ఆజ్ఞలిచ్చే దూత కన్నా, కండరం ఎంత ఉద్దీపనకు స్పందించాలో ముందే స్థాయి కట్టి ఉంచేదని చెప్పవచ్చు.

హీమ్ ఆక్సిజనేజ్-1 కణం ఒత్తిడికి లోనైనప్పుడు పెరిగే రూపం. మధుమేహం ఉన్న ఎలుకల్లో ఇది కాహాల్ కణాలను కాపాడుతుందని, ఇది తగ్గిన వాటిలో జీర్ణాశయం ఖాళీ కావడం ఆలస్యమవుతుందని ప్రయోగాలు చూపాయి.

హైడ్రోజన్ సల్ఫైడ్

సిస్టీన్ అనే గంధక అమైనో ఆమ్లం నుంచి ముఖ్యంగా రెండు ఎంజైములు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తయారుచేస్తాయి. గినీపిగ్ శేషాంత్రికాన్ని ఇది సడలిస్తుందని 1997లో జపాన్ పరిశోధకులు ప్రకటించారు. దీని దారి గ్వానిలేట్ సైక్లేజ్ దారి కాదు. పొటాషియం మార్గాలను తెరిచి కణాన్ని శాంతపరచడం ఒక పద్ధతి. ప్రోటీన్లలోని సిస్టీన్‌లకు అదనపు గంధక పరమాణువును తగిలించి వాటి నడత మార్చడం ఇంకొకటి. కుందేలు జీర్ణాశయ కండర కణాల్లో సంకోచాన్ని నిలబెట్టే రో-ఏ మార్గాన్ని ఇది అణచివేస్తుందని మూర్తి బృందం 2015లో చూపింది.

పెద్దపేగులో దీనికి మరో వనరు ఉంది. సల్ఫేట్‌ను క్షయకరణం చేసే డీసల్ఫోవిబ్రియో వంటి బాక్టీరియా పేగు ఖాళీలోకి పెద్దమొత్తంలో సల్ఫైడ్ వదులుతాయి. గోగు ఊరవేసిన చెరువులో జరిగేదానికి ఇది దగ్గరి చుట్టం. ఆ సల్ఫైడ్ కండరం దాకా పోకుండా పేగు లోపలి పొర కణాలు దాన్ని ఆక్సీకరించి థయోసల్ఫేట్‌గా మార్చేస్తాయి. అందువల్ల గోడలో పుట్టిన సల్ఫైడ్‌నూ, ఖాళీలో పుట్టిన సల్ఫైడ్‌నూ ఒకే లెక్కలో వేయకూడదు.

మీథేన్, ఆహార నైట్రేట్

మనిషి కణాలు మీథేన్‌ను ఎంజైములతో తయారుచేయవు కనుక అది వాయు ప్రసారకాల నిర్వచనంలో ఇమడదు. అయినా మెథనోబ్రెవిబాక్టర్ స్మితీ అనే ఆర్కియా దాన్ని పేగులో ఉత్పత్తి చేస్తుంది. 2006లో కుక్కల చిన్నపేగులోకి మీథేన్ పంపినప్పుడు ఆహార ప్రయాణం సగానికి పైగా మందగించింది. ఊపిరిలో మీథేన్ ఎక్కువగా ఉన్నవారిలో మలబద్ధకం ఎక్కువగా కనిపిస్తుంది.

తోటకూర, పాలకూర, బీట్‌రూట్‌లలో నైట్రేట్ సమృద్ధిగా ఉంటుంది. నోటిలోని బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. జీర్ణాశయపు ఆమ్లంలో నైట్రైట్ నుంచి ఎంజైము అవసరం లేకుండానే నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుందని 1994లో తేలింది. లోపలి పొర రక్తప్రసారానికీ, జిగురు పొరకూ ఇది మేలు చేస్తుంది. సంవరణులను తెరిచే నాడీ సంకేతం మాత్రం ఇది కాదు.

ప్రయోగశాలలో పరిశీలన

గినీపిగ్ పేగు నుంచి రెండు సెంటీమీటర్ల ముక్క కోసి, 37 డిగ్రీల క్రెబ్స్ ద్రావణంలో వేలాడదీస్తారు. ఒక కొస గాజు కొక్కేనికి, రెండో కొస దారంతో బలమాపకానికి. ద్రావణంలోకి ఆక్సిజన్ బుడగలు వస్తూ ఉంటాయి. ముక్క కాసేపటికి తనంతట తానే కదలడం మొదలుపెడుతుంది. అసిటైల్ కోలిన్‌ను అట్రోపిన్‌తోనూ, నారడ్రినలిన్‌ను గ్వానెతిడిన్‌తోనూ అడ్డుకుని విద్యుత్ ఉద్దీపనలు ఇస్తే, బలమాపకం గీసే గీత కిందికి దిగుతుంది. కండరం సడలిందన్నమాట. నైట్రిక్ ఆక్సైడ్ తయారీని ఆపే ఎల్-నేమ్ చుక్కలు వేసి మళ్లీ ఉద్దీపన ఇస్తే దిగుడు బాగా తగ్గిపోతుంది. ఆర్జినిన్ ఎక్కువ మోతాదులో కలిపితే సడలిక తిరిగి వస్తుంది. కంటికి కనిపించని వాయువు ఉనికిని ఆ గీతే చెబుతుంది.

సంబంధిత రుగ్మతలు

అకలేసియాలో ఆహారవాహిక కింది భాగంలోని నిరోధక నాడీకణాలు నశిస్తాయి. నైట్రిక్ ఆక్సైడ్ లేక సంవరణి తెరుచుకోదు. ఏడాదికి సుమారు లక్షమందిలో ఒకరికి కొత్తగా వస్తుంది. ఘనపదార్థాలే కాదు, నీళ్లు, అంబలి కూడా దిగవు. తిన్నది గంటల తర్వాత జీర్ణం కాకుండా పైకి వస్తుంది. బరువు తగ్గుతారు. బేరియం ఎక్స్-రే, ఎండోస్కోపీ, మానోమెట్రీలతో నిర్ధారిస్తారు. నశించిన కణాలను తిరిగి తేలేము కనుక చికిత్స అంతా కండరం మీదే. బెలూన్‌తో సాగదీయడం, శస్త్రచికిత్సతో కండరాన్ని కోయడం పాత పద్ధతులు. నోటి ద్వారా ఎండోస్కోపు పంపి లోపలి నుంచే కండరాన్ని కోసే పోయెమ్ పద్ధతిని 2008లో జపాన్‌లో హరుహిరో ఇనోవె మొదలుపెట్టాడు. భారతదేశంలో దీన్ని పెద్ద సంఖ్యలో చేసిన కేంద్రాల్లో డి. నాగేశ్వర రెడ్డి స్థాపించిన హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఒకటి.

పుట్టిన 3–6 వారాల మధ్య పిల్లలు పాలు తాగిన వెంటనే ధారగా కక్కుకునే పైలోరిక్ స్టెనోసిస్‌లో, జఠర నిర్గమ సంవరణి నాడుల్లో నైట్రిక్ ఆక్సైడ్ ఎంజైము లోపించిందని 1992లో కనుగొన్నారు. మరుసటి ఏడాది ఆ జన్యువును తొలగించిన ఎలుకల్లో జీర్ణాశయం ఉబ్బి, సంవరణి మందమైంది. సుమారు 5,000 జననాల్లో ఒకరికి వచ్చే హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధిలో పెద్దపేగు చివరి భాగంలో నాడీకణాలే ఉండవు, ఆ భాగం ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. దీర్ఘకాల మధుమేహంలో నిరోధక నాడులు, కాహాల్ కణాలు రెండూ తగ్గి జీర్ణాశయం మందగిస్తుంది.

వాయువు ఎక్కువైనా చేటే. పొట్ట ఆపరేషన్ తర్వాత పేగు కొన్నాళ్లు కదలకపోవడానికి ఒక కారణం, గోడలోని భక్షక కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను అమితంగా ఉత్పత్తి చేయడం.

చికిత్సలో ఈ జ్ఞానం బాగా అక్కరకొచ్చింది మలద్వారపు చీలిక విషయంలో. లోపలి సంవరణి బిగుసుకుని రక్తప్రసారం తగ్గడంతో చీలిక మానదు. 0.2 నుంచి 0.4 శాతం గ్లిసరిల్ ట్రైనైట్రేట్ లేపనం అక్కడ నైట్రిక్ ఆక్సైడ్‌ను వదిలి కండరాన్ని సడలిస్తుంది. తలనొప్పి దీని సాధారణ దుష్ఫలితం. ఆహారవాహిక బిగువుకు నైట్రేట్ మాత్రలు, సిల్డెనాఫిల్ వాడినా, వాటి ప్రభావం తాత్కాలికం.

మింగుడు పడకపోవడాన్ని చాలామంది ‘గ్యాసే కదా’ అని మందుల షాపు మాత్రతో ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు. ముద్దతో పాటు నీళ్లు కూడా దిగడం కష్టమైతే, బరువు తగ్గుతుంటే, అది పొట్టలో వాయువు ఎక్కువై కాదు, గోడలో పుట్టవలసిన వాయువు పుట్టకపోవడం వల్ల కావచ్చు, లేదా అంతకన్నా తీవ్రమైన అడ్డంకి కావచ్చు. అలాంటివారు ఆలస్యం చేయకుండా వైద్యుణ్ని కలిసి ఎండోస్కోపీ చేయించుకోవాలి.